ఫుట్‌పాత్ మీద కారుంటే అర్జీ ఎవరికివ్వాలి? విజయనగరంలో తిరిగి తిరిగి నేను నేర్చుకున్నది

మా ఇంటావిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు గారు. ఇంటి దగ్గర్నుంచి అయ్యకోనేరు గట్టు దాకా మామూలుగా పది నిమిషాల నడక. వాకర్‌తో మాకు పాతిక పట్టేది, అందులో సగం రోడ్డు మీదే. ఫుట్‌పాత్ లేక కాదు, దాని మీద తెల్ల కారొకటి ఉండేది. గోడకీ కారుకీ మధ్య సందులో మనిషి అడ్డంగా తిరిగితే దూరతాడు గానీ వాకర్ పట్టదు. ఆవిడ్ని పట్టుకుని కిందికి దింపడం, వెనక ఆటోవాడి హారన్, నాకు టెన్షన్.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఫుట్‌బోర్డు మీద ఒకడిని నిలబడనిస్తే తర్వాతి స్టాపులో నలుగురు వేలాడతారు. ఇక్కడా అదే జరిగింది. వేసవిలో ఒక్క కారు, దసరాకి మూడు కార్లు, ఏడు బళ్లు.

మొదట ఒక ఆఫీసుకి వెళ్తే ఇది మా పని కాదు, ఫలానా వాళ్లది అన్నారు. ఆ ఫలానా వాళ్లు మళ్లీ మొదటి ఆఫీసు పేరే చెప్పారు. తప్పు కొంత నాది కూడా. అర్జీలో ‘ఫుట్‌పాత్ సమస్య’ అని రాసుకెళ్లాను. అలా రాస్తే ఎవరైనా పక్కవాళ్లకి తోసెయ్యొచ్చు. ఆ తర్వాత నేను పెట్టుకున్న లెక్క ఇది: చక్రాలున్నవి పోలీసులకి, చక్రాలు లేనివి మున్సిపాలిటీకి. (కార్పొరేషన్ అయి ఏళ్లయింది, మా నోటికి మాత్రం ఇంకా మున్సిపాలిటీయే.)

కారు సంగతి ముందు చూద్దాం. ఫుట్‌పాత్ మీద బండి నిలపకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనలు మీరితే 500 నుంచి 1000 రూపాయల దాకా జరిమానా అని మోటారు వాహనాల చట్టం 177ఎ సెక్షన్ చెబుతుంది. బండిని లాక్కుపోవాలన్నా, చక్రానికి తాళం వెయ్యాలన్నా 127వ సెక్షన్. ఆ అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారిది, లాక్కుపోయిన ఖర్చు బండి ఓనరుది. ఈ సెక్షన్‌లో ‘పది గంటలు’ అనే మాట చూపించి, అంతసేపు ఆగాలి అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పది గంటల లెక్క మామూలు చోట వదిలేసిన బండికి. పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండికి ఆ గడువు లేదు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. చాలా వీధుల్లో ఫుట్‌పాత్ అంటే కాలువ మీద వేసిన పలకలే. ‘ఇది ఫుట్‌పాత్ కాదు కదా, డ్రైనేజీ కదా’ అని ఒకాయన నాతో వాదించాడు కూడా. అలాంటి చోట అర్జీలో ఫుట్‌పాత్ అన్న మాట పట్టుకుని వేలాడొద్దు. నడిచేవాళ్లకి దారి లేకుండా, ప్రమాదం కలిగేలా బండి పెట్టారు అని రాయండి. అలా పెట్టడమూ చట్టం ప్రకారం తప్పే. పలక విరిగి ఉంటే మీ పని ఇంకా తేలిక, దాని సంగతి కింద చెబుతాను.

రోజుకి మూడు ఫొటోలు చాలు. నంబరు ప్లేటు కనబడేది ఒకటి. ఫుట్‌పాత్ అంచు, చక్రాలూ కనబడేలా పక్క నుంచి ఒకటి. మూడోది దూరం నుంచి, దుకాణం బోర్డో కరెంటు స్తంభం నంబరో పడేలా. తేదీ, టైము కాగితం మీద రాసుకోండి. నేను వారం రోజులు వరసగా ఉదయం ఆరున్నరకి తీశాను. ఒక్క రోజువి చూపిస్తే ‘ఏదో ఒకరోజు పెట్టుంటాడు’ అంటారు, ఏడు రోజులవి చూపిస్తే ఆ మాట రాదు.

అసలు ఒకరోజు పెట్టినవాడి మీద కాగితం దాకా వెళ్లొద్దు. హాస్పిటల్‌కి ఎవరినో తెచ్చిన వాడయ్యుండొచ్చు. మా తెల్ల కారు ఓనరుని కూడా ముందు నేనే అడిగాను, బాబూ, మీ ఆంటీ నడవలేకపోతోంది అని. రెండు రోజులు తీశాడు, మూడో రోజు మళ్లీ అక్కడే. టైర్లలో గాలి తీసెయ్యండి కండక్టరు గారూ, అని మా వీధి కుర్రాళ్ల సలహా. గాలి తీస్తే ఆ కారు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది కదా నాయనా! పైగా కేసు మన మీద పడుతుంది.

ఇక చక్రాలు లేనివి. నా ఉద్దేశంలో అసలు జబ్బు ఇక్కడే ఉంది. ఎత్తున్న ఫుట్‌పాత్ మీదికి కారు ఎలా ఎక్కింది? దుకాణం వాళ్లు పోసుకున్న సిమెంటు ర్యాంపు మీదుగా. ర్యాంపు ఉన్నంత కాలం ఒక కారు పోతే ఇంకోటి వస్తుంది. అందుకని రెండో అర్జీ మున్సిపల్ కమిషనర్ పేరు మీద విడిగా రాయండి. ర్యాంపు, బోర్డు, పూలకుండీ లాంటివి టౌన్ ప్లానింగ్ వాళ్లవి. విరిగిన కాలువ పలక ఇంజినీరింగ్ వాళ్లది. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఆ కాగితం రెండు బల్లల మధ్య నలుగుతుంది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ, ఎమెనిటీస్ (సౌకర్యాల) సెక్రటరీ ఉంటారు, ముందు వాళ్లకి ఆ చోటు చూపించండి. పలక విరిగి మనిషి పడేలా ఉందంటే తొందరగా కదులుతారు.

నేను పోలీసులకి రాసింది ఇంతే: ‘ఫలానా రోడ్డులో ఫలానా దుకాణం ఎదుట ఫుట్‌పాత్ మీద ఈ నంబరు కారును ఈ ఏడు తేదీల్లో ఉదయం 6.30కి నిలిపి ఉంచారు. ఫొటోలు జతపరిచాను. నడవడానికి అడుగు దారి కూడా మిగల్లేదు. 127, 177ఎ సెక్షన్ల కింద చర్య తీసుకుని నాకు తెలియజేయగలరు.’ బాధలూ మోకాళ్లూ ఏమీ రాయలేదు. అవి నోటితో చెప్పాను.

ఇచ్చే చోటు: సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, కలెక్టరేట్‌లోనూ అదే రోజు. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు. టికెట్ లేని ప్రయాణం ఎంతో రసీదు లేని అర్జీ అంతే. తిరగలేని వాళ్లు ప్రభుత్వం అర్జీలు తీసుకునే నంబరు 1100కి ఫోన్ చెయ్యొచ్చు. కారు ఆ క్షణాన దారి పూర్తిగా మూసేసి ఉంటే అర్జీ కాదు, అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యాలి.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘నా అర్జీ మీద ఏం చేశారు, ఈ రోడ్డులో ఏడాదిలో ఫుట్‌పాత్ పార్కింగ్‌కి ఎన్ని చలానాలు వేశారు’ అనే రెండు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అదీ కాకపోతే ఆర్డీవో గారి దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద అడ్డు తొలగించమని అడగొచ్చు. నాకు అంత దాకా అవసరం పడలేదు.

ఇదంతా కుదిరే పనేనా అనేవాళ్లకి ఒక్క మాట. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా రోడ్డు మీద ఒక్క బండి ఉంచుతున్నారా? ఆ రోజు చెయ్యగలిగింది మిగతా రోజుల్లో కొంతైనా చెయ్యొచ్చు. సుప్రీంకోర్టు కూడా 2025 మే నెలలో, అడ్డులేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అంది. నన్నడిగితే జరిమానా పోలీసుల దగ్గరే ఉండనిచ్చి, రోజూ వీధుల్లో తిరిగే సచివాలయం వాళ్లు ఫొటో తీసి పంపే ఏర్పాటు చెయ్యాలి. డెబ్భైకి దగ్గరపడ్డవాడు పొద్దున్నే ఫోను పట్టుకుని కార్ల చుట్టూ తిరగడం ఏం బాగుంటుంది?

మా వీధిలో రెండు చలానాలు పడ్డాక తెల్ల కారు దిగింది. ర్యాంపు పగలగొట్టడానికి ఇంకో రెండున్నర నెలలు పట్టింది. అక్కడ ఇనప గొట్టాలు పాతారు. వాటి మధ్య వాకర్, వీల్‌చైర్ పట్టేలా మూడడుగులు వదలమని దగ్గరుండి చెప్పాను. ఆ మూడడుగుల్లోంచి ఇప్పుడు బైకులు ఎక్కుతున్నాయి. నిన్న రెండు ఉన్నాయి, నంబర్లు రాసుకున్నాను.