నాట్లు మొదలయ్యేలోపే ఆ పన్ను సంగతి చూసుకోండి

మృగశిర దాటిందంటే మన నల్గొండ పల్లెల్లో ఎవరికీ తీరిక దొరకదు. పత్తి గింజలు పెట్టాలి, నారు పోయాలి, వెనకే నాట్లు. ఇప్పటికే పన్ను సలుపుతున్నవాళ్లు దాన్ని ఆ పనుల్లోకి మోసుకుపోవద్దని ఇది రాస్తున్నాను.

పోయినేడు మా అమ్మకు కింది దవడ పన్ను పుచ్చింది. చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది, రాత్రి పడుకుంటే చెవి దాకా గుంజేది. "నాట్లయినంక పోదాం తియ్" అన్నది. ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన గోళీలు వేసుకుంది, నాలుగు రోజుల్లో నొప్పి పోయింది. తగ్గిందనుకొని అందరం ఊపిరి పీల్చుకున్నాం. నెల తిరక్కముందే దవడ ఉబ్బి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే పన్ను వేరు కొసన కందిగింజంత నల్లమచ్చ. అక్కడ ఎముక కరిగిపోయిందని డాక్టర్ వేలు పెట్టి చూపించారు.

జరిగింది ఇదీ. పన్ను లోపల రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తటి కండ ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా పోతే అది వాచి సలుపుతుంది, చివరకు చచ్చిపోతుంది. చచ్చిపోయాక నొప్పి ఆగుతుంది కానీ సూక్ష్మక్రిములు వేరు కొస గుండా ఎముకలోకి పోతూనే ఉంటాయి. అందుకే ఏ వైద్యమూ చేయించకుండా నొప్పి పోతే నమ్మకండి. యాంటీబయాటిక్ కూడా దీన్ని నయం చేయదు. మందు రక్తంతో పాటే చేరుతుంది, చచ్చిన కండకు రక్తమే అందదు. వాపును కొంత అదుపు చేస్తుంది, అంతే.

ఇలాంటి పన్నును పీకకుండా లోపల శుభ్రం చేసి నిలబెట్టే వైద్యమే రూట్ కెనాల్. అదంటే నరం పీకుతారని చాలామందికి భయం. మత్తు సూది ఇచ్చాక పెద్దగా నొప్పి ఉండదు. పంటికి పైన రంధ్రం చేసి, సన్నటి సూదుల్లాంటి ఫైళ్లతో వేర్లలోని కుళ్లు తీసి, మందునీళ్లతో కడుగుతారు. దవడ పన్నుకు మామూలుగా మూడు, ఒక్కోసారి నాలుగు కాలువలు ఉంటాయి, అందుకే ముందు పళ్లకంటే టైమ్ ఎక్కువ పడుతుంది. శుభ్రమయ్యాక గట్టాపర్చా అనే రబ్బరులాంటి గులాబీ పుల్లలతో ఆ కాలువలు మూసేస్తారు. పన్ను నిలువునా పగిలినా, మరీ అరిగి ఏమీ మిగలకపోయినా తీయించుకోవాల్సిందే. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందన్న మాట మాత్రం నిజం కాదు.

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గోధుమరంగుకు తిరిగినవాళ్లు చాలామంది. ఆ మరక పుచ్చు కాదు. కానీ మరకల మధ్య పుచ్చు ఉంటే తేలిగ్గా కనబడదు. "ఫ్లోరైడ్ పళ్లే కదా" అని సలుపును వదిలేయకండి.

వెళ్లే రోజు కడుపునిండా తినిపోండి. బీపీ, షుగర్ గోళీలు ఆపొద్దు. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే మీ అంతట మీరు మానేయకుండా ముందే చెప్పండి. గుండెలో కవాటం మార్పించుకున్నవాళ్లు, గర్భిణులు, మందులు పడనివాళ్లు కూడా చెప్పి తీరాలి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా నొప్పి గోళీలు కొనుక్కోవద్దు. పంటి మీద జర్దా, ఆస్ప్రిన్ గోళీ పెట్టొద్దు, చిగురు కాలుతుంది. వాపు మీద వేడి కాపడమూ వద్దు.

మత్తు దిగేదాకా ఏమీ నమలొద్దు, పెదవి కొరుక్కున్నా తెలియదు. రెండు మూడు రోజులు నొక్కితే కొంచెం నొప్పి ఉంటుంది, పెరుగుతూ పోతే మళ్లీ చూపించుకోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: మొదటి సిట్టింగుకే నొప్పి తగ్గిందని మిగతావి ఎగ్గొడతారు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఊడి, లోపల మళ్లీ కుళ్లుతుంది. దవడ పన్ను మీద తొడిగే క్యాప్ కూడా మానొద్దు. లోపల తొలిచిన పన్ను పెళుసుగా ఉంటుంది, మక్క పేలాల్లో గట్టి గింజ తగిలినా పగలొచ్చు. ఖర్చు క్యాప్‌తో కలిపి ఎంతో మొదటే అడగండి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అలాంటిచోట టైమ్ ఎక్కువ పట్టినా ఖర్చు మామూలుగా తక్కువే.

దవడ కింద, మెడవైపు వాపు పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా నాట్లూ కూలీలూ చూడకండి. అదే గంటలో పెద్దాసుపత్రికి పోవాలి. ఊపిరి ఆడకపోయేదాకా రావచ్చు.

సిట్టింగులు, క్యాప్ కొలతలు, అది తయారై రావడం అన్నీ కలిపి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఎండాకాలం సగంలో మొదలుపెడితే నారుమడిలో దిగేనాటికి క్యాప్ కూడా పడుతుంది.