పిల్లలకు గురక: రాత్రి ఏం చూడాలి, డాక్టరుకు ఏం చూపాలి

"పగలంతా ఆడి అలిసిండు, అందుకే గురక" అని నల్లగొండ, పాలమూరు ఇండ్లలో సరిపెట్టుకుంటారు. సర్ది చేసినప్పుడు నాలుగు రోజులు వచ్చే గురక వేరు. సర్ది లేకున్నా వారంలో మూడు రాత్రులైనా వస్తుంటే ఊపిరి దారి ఇరుకైందని అనుమానించాలి.

ఎక్కువమందిలో కారణం ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే మెత్తటి గడ్డలు, గొంతులో టాన్సిల్స్ పెరగడం. మెలకువలో గొంతు కండరాలు దారిని తెరిచి ఉంచుతాయి, నిద్రలో సడలుతాయి. అందుకే పగలు డాక్టరు ముందు పిల్లాడు బాగానే కనిపిస్తాడు. రాత్రి వీడియో తీసుకెళ్లాలి.

అంగీ విప్పి, లైటు వేసి, తల నుంచి పొట్ట దాకా కనిపించేలా, శబ్దంతో సహా రెండు నిమిషాలు తీయండి. ఒకటి నిద్రపోయిన గంటకు, ఇంకోటి తెల్లవారుజామున. ఆ వేళ కలల నిద్ర ఎక్కువ, ఇబ్బందీ ఎక్కువ. గురక ఉన్నట్టుండి ఆగి పొట్ట మాత్రం కదులుతోందా? తర్వాత ఉలిక్కిపడి గాలి పీలుస్తున్నాడా? డొక్కలు లోపలికి పోతున్నాయా? మెడ వెనక్కి వంచి, నోరు తెరిచి, చెమటతో తడుస్తున్నాడా? ఇవన్నీ రాసుకోండి.

పెద్దలైతే పగలు కునుకుతారు. పిల్లలు తరచుగా చిరాకుపడతారు, కుదురుగా కూర్చోరు, చదువులో వెనకబడతారు. ఆరు నెలలుగా మానేసిన పిల్లాడు మళ్లీ పక్క తడిపినా, బరువు పెరగకున్నా ఆ సంగతీ చెప్పండి. బడిలో "అల్లరోడు" అని ముద్రపడ్డ పిల్లల్లో కొందరికి కావాల్సింది మంచి నిద్రే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ దవాఖానల్లో ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) విభాగాలున్నాయి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ దవాఖాన ఉంది. మెడ పక్కనుంచి ఎక్స్‌రే గానీ, సన్నని గొట్టం కెమెరా గానీ వాడి చూస్తారు. కొందరికి రాత్రి నిద్ర పరీక్ష కావాలి. తేలికైతే కొన్ని వారాలు స్టిరాయిడ్ ముక్కు స్ప్రే, ఎక్కువైతే ఆపరేషన్. స్ప్రే కొట్టేటప్పుడు తల కొంచెం ముందుకు వంచి, స్ప్రే మొనను ముక్కు నడిమి గోడకు కాకుండా చెవి వైపు తిప్పాలి. గోడకు తగిలితే నెత్తురు కారొచ్చు.

ఇంట్లో పడుకునే గదిలో దోమల కాయిల్, అగరబత్తి, బీడీ పొగ వద్దు, దోమతెర కట్టండి. పడుకునే ముందు ఒక్కో ముక్కులో రెండేసి చుక్కల సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు) వేయొచ్చు. ముక్కులో నూనె మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావొచ్చు. ముక్కు దిబ్బడకు దుకాణంలో ఇచ్చే చుక్కలు డాక్టరు చెప్పకుండా వాడొద్దు, కొన్ని రోజులు దాటితే దిబ్బడ మరింత పెరుగుతుంది.

పెదాలు నీలంగా మారినా, మెలకువలో కూడా డొక్కలు ఎగరేస్తున్నా తెల్లారే దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.