6-0, 6-2, 7-5: వన్‌సైడ్ మ్యాచ్‌పై వాదనకు దిగేముందు స్కోరు చదవడం ఎలా

2020 అక్టోబర్ 11న ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో రఫెల్ నాదల్ 6-0, 6-2, 7-5తో నొవాక్ జకోవిచ్‌ను చిత్తు చేశాడు. అప్పటికి ఇద్దరూ 55 సార్లు తలపడితే 29-26తో జకోవిచ్‌దే పైచేయి. పైగా ఆ ఏడాది అతను చివరిదాకా ఆడి ఓడిన మ్యాచ్ ఒక్కటీ లేదు. యూఎస్ ఓపెన్‌లో బంతి లైన్ జడ్జికి తగిలి అనర్హుడయ్యాడు, అదొక్కటే ఓటమి. ఇలాంటి ఫలితం రాగానే ఒకవైపు అభిమానులు "మావాడి ముందు ఆగలేకపోయాడు" అంటారు, రెండోవైపు వాళ్లు "చేతులెత్తేశాడు, లేకుంటే కథ వేరు" అంటారు. ఈ రెండు మాటలూ నిలబడతాయో లేదో చూడటానికి కాగితం, పెన్ను, ఓ పది నిమిషాలు ఉంటే చాలు.

ముందుగా సెట్ల స్కోరు నుంచి నికర బ్రేకులు తీయండి. ఎదుటివాడు సర్వీస్ చేసే గేమ్‌ను గెలవడమే బ్రేక్, ఒకరి బ్రేకుల్లోంచి రెండోవాడివి తీసేస్తే మిగిలేది నికరం. సెట్‌లో మొత్తం గేములు సరిసంఖ్య అయితే ఇద్దరి గేముల తేడాలో సగమే నికర బ్రేకులు. 6-0 అంటే మూడు, 6-2 అంటే రెండు, 7-5 అంటే ఒకటి. కలిపితే ఆరు. ఆ ఫైనల్లో నాదల్ ఏడుసార్లు సర్వీస్ బ్రేక్ చేశాడు, జకోవిచ్ ఒకేసారి, లెక్క సరిపోయింది. 6-1, 6-3 లాంటి బేసి సెట్లలో మాత్రం ఎవరు ముందు సర్వీస్ చేశారో తెలియాలి. 6-3 సెట్‌ను గెలిచినవాడే మొదట సర్వీస్ చేస్తే తేడా ఒక్క బ్రేకే, ఓడినవాడు మొదలుపెడితే రెండు. చాలామంది పొరబడేది ఇక్కడే. 6-3 చూడగానే "తేలిగ్గా గెలిచాడు" అనేస్తారు, కానీ అది ఒక్క గేము తప్పటడుగు కావచ్చు.

టెన్నిస్ స్కోరింగ్‌కు చిన్న తేడాను పెద్దది చేసి చూపించే గుణం ఉంది. ప్రతి పాయింటూ గెలిచే అవకాశం 55 శాతం ఉన్న ఆటగాడికి గేమ్ గెలిచే అవకాశం సుమారు 62 శాతం అవుతుంది. అదే 60 శాతమైతే గేమ్ దగ్గరికొచ్చేసరికి 74కు దగ్గరవుతుంది, సెట్ దగ్గర ఇంకా పెరుగుతుంది. అంటే పదింటిలో నాలుగు పాయింట్లు గెలుస్తున్నవాడు కూడా స్కోరుబోర్డు మీద కుదేలైనట్టే కనిపిస్తాడు. కాబట్టి ఎవరైనా "6-0" అనగానే మొత్తం పాయింట్ల సంఖ్య అడగండి.

"చేతులెత్తేశాడు" అన్న మాటను తేల్చేది మ్యాచ్ పట్టిన సమయం. మ్యాచ్ నిమిషాలను గేముల సంఖ్యతో భాగించండి. 2020 ఫైనల్ 2 గంటల 41 నిమిషాలు, 26 గేములు: గేముకు 6.2 నిమిషాలు. మొదటి సెట్ 6-0 అయినా దాదాపు ముప్పావు గంట నడిచింది, అంటే ఒక్కో గేముకు ఏడు నిమిషాలకు పైనే. గేములు పదేపదే డ్యూస్‌కు (40-40 సమానానికి) వెళ్తే తప్ప అంత సమయం పట్టదు. పోరాటం ఉంది, ఫలితమే రాలేదు. ఇప్పుడు 2008 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చూడండి. నాదల్ 6-1, 6-3, 6-0తో రోజర్ ఫెదరర్‌ను ఓడించిన మ్యాచ్ అది. 22 గేములు, గంటా 48 నిమిషాలు. గేముకు ఐదు నిమిషాలు కూడా లేవు. కోర్టు అదే, మట్టి అదే, గెలిచినవాడూ అతడే. నిజంగా వన్‌సైడ్ అనదగ్గది నా లెక్కలో 2008దే. ఈ పోలిక ఒకే రకం కోర్టు మీద మాత్రమే చేయండి. మట్టి మీద ర్యాలీలు సాగుతాయి కాబట్టి గట్టి నేల ఉండే హార్డ్ కోర్టు నిమిషాలతో పోలిస్తే తప్పుడు జవాబు వస్తుంది.

తర్వాత విన్నర్లు (ఎదుటివాడు అందుకోలేక నేరుగా పాయింటు తెచ్చే షాట్లు), అనవసర తప్పిదాలు (ఎదుటివాడి ఒత్తిడి లేకుండానే చేసినవిగా లెక్కించే తప్పులు). వాదనలు ఎక్కువగా దారి తప్పేది ఈ రెండు అంకెల దగ్గరే. 2020 ఫైనల్లో జకోవిచ్ 38 విన్నర్లు కొట్టాడు, నాదల్ 31. ఇంతవరకే చూపించి "దూకుడుగా ఆడింది మావాడే" అంటే వినడానికి బాగుంటుంది. తప్పిదాలు కూడా పక్కనే రాయగానే బొమ్మ తిరగబడుతుంది: జకోవిచ్ 52, నాదల్ 14. విన్నర్లలోంచి తప్పిదాలు తీసేస్తే ఒకరు మైనస్ 14, మరొకరు ప్లస్ 17. 2019 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో జకోవిచ్ 6-3, 6-2, 6-3తో నాదల్‌ను ఓడించినప్పుడు ఇదే లెక్క అటు మొగ్గింది: జకోవిచ్ 34 విన్నర్లు, 9 తప్పిదాలు, నాదల్ 21, 28.

అయితే "52 తప్పిదాలు, తనంతట తానే ఓడిపోయాడు" అనేయడం తొందరపాటు. అనవసర తప్పిదం అన్నది కోర్టు పక్కన కూర్చుని గణాంకాలు రాసేవాళ్ల అంచనా. ఎదుటివాడు ప్రతి బంతినీ తిరిగి పంపుతుంటే, ఇంకాస్త గీత దగ్గరికి కొట్టాలనో, నెట్ దాటగానే పడే డ్రాప్ షాట్‌తో ర్యాలీ తొందరగా ముగించాలనో అనిపిస్తుంది. ఆ రోజు జకోవిచ్ డ్రాప్ షాట్లు అలాంటివే. రాతలో అవి అతని తప్పులు, వాటి వెనకున్న ఒత్తిడి నాదల్‌ది. అందుకే ఈ అంకెను ఒకే మ్యాచ్‌లోని ఇద్దరి మధ్యే పోల్చాలి. ఒక టోర్నీ అంకెను మరో టోర్నీకి ముడిపెట్టకూడదు, అక్కడ రాసే చేయి వేరు.

వాతావరణాన్ని మరవకండి. మే, జూన్‌లలో జరగాల్సిన టోర్నీ ఆ ఏడాది కొవిడ్ వల్ల శరదృతువుకు జరిగింది. చలి, బరువెక్కిన బంతులు, ఫైనల్‌కు పైకప్పు కూడా మూసేశారు. బంతిని ముందుకు తిప్పుతూ కొట్టే నాదల్ టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్ బలమంతా ఎగిరే బంతిలో ఉంది. చలిలో బంతి అంతగా లేవదు కాబట్టి జకోవిచ్‌కే లాభమని మ్యాచ్‌కు ముందు చాలామంది అన్నారు. జరిగింది వేరు. నెమ్మదైన కోర్టులో నాదల్‌ను దాటి బంతి కొట్టడమే కష్టమైంది. పరిస్థితులను కారణంగా చూపేవాళ్లను ఒక్కటే అడగండి: ఈ మాట మ్యాచ్‌కు ముందు అన్నారా, తర్వాతా?

ముఖాముఖి రికార్డును కోర్టుల వారీగా విడగొట్టకుండా వాడొద్దు. జకోవిచ్, నాదల్ మొత్తం 60 మ్యాచ్‌లలో జకోవిచ్ 31, నాదల్ 29. చూస్తే సమఉజ్జీలు. విడదీస్తే మట్టి మీద నాదల్ 20-9, హార్డ్ మీద జకోవిచ్ 20-7, పచ్చిక మీద 2-2. ఫెదరర్‌పై నాదల్‌కున్న 24-16 కూడా అంతే. మట్టి మీద 14-2, మిగతా రెండింటిలో కలిపితే ఫెదరర్‌దే ఆధిక్యం, 14-10.

ఆఖరుగా, తర్వాతి మ్యాచ్ రాయండి. ఒక్క ఫలితంతో "ఇక ఈ పోటీ ముగిసింది" అనేవాళ్లకు జవాబు అక్కడే దొరుకుతుంది. 2008లో పారిస్‌లో (ఫ్రెంచ్ ఓపెన్‌లో) నాలుగే గేములు దక్కిన ఫెదరర్, నాలుగు వారాలకు వింబుల్డన్ ఫైనల్లో నాదల్‌ను ఐదో సెట్ 9-7 దాకా లాగాడు. ఓడాడు, కానీ పాయింట్లలో తేడా ఐదే: 209-204. 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో (ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో) చిత్తయిన నాదల్ మేలో రోమ్ ఫైనల్లో 6-0, 4-6, 6-1తో జకోవిచ్‌ను ఓడించాడు. ఇక 6-0, 6-2, 7-5 తర్వాత ఆ ఇద్దరూ మళ్లీ ఫ్రెంచ్ ఓపెన్‌లో ఎదురుపడింది 2021 సెమీఫైనల్లో. అదే కోర్టులో తొలి సెట్ కోల్పోయి కూడా జకోవిచ్ 3-6, 6-3, 7-6, 6-2తో గెలిచాడు.