షూ ఎక్కడ కరుస్తుందో చెప్తే ఎందుకు కరుస్తుందో తెలిసిపోద్ది

చెప్పు కరిస్తే విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి నడిచిపోవచ్చు గానీ, తెల్లారి ఐదింటికి ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం దాకా పరిగెత్తాక అక్కడ షూ కరవడం మొదలెట్టిందనుకోండి, వెనక్కి రావడానికి ఇంకో కిలోమీటరు పైనే ఉంటది, అప్పుడు తెలిసిద్ది. మా బ్యాచ్‌లోకి కొత్తగా వచ్చినోళ్లందరూ అడిగేది ఒకటే, ఏ బ్రాండ్ కొనమంటావన్నా అని. ఇప్పుడున్న షూ నిన్ను ఎక్కడ ఇబ్బంది పెడతందో అది చెప్పు ముందు అంటా నేను. నొప్పి ఉన్న చోటుని బట్టి తప్పు సైజుదా, వెడల్పుదా, లేసుదా, లేక షూ ముసలిదైపోయిందా అనేది చాలావరకు దొరికిపోద్ది, కొన్నిసార్లు కొత్త షూ అవసరమే ఉండదు.

బొటనవేలి గోరు నల్లబడింది

ఇది నాకే అయింది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. బెజవాడలోనే ఒక షాపులో పొద్దున పదకొండింటికి, ఏసీలో, కాళ్లు చల్లగా ఉన్నప్పుడు వేసి చూసా, చిన్నప్పట్నుంచి మనది ఎనిమిదే కదా అని ఎనిమిదే తీసుకున్నా, షాపులో నాలుగడుగులేసి సూపర్ అనుకున్నా. రెండు వారాల తర్వాత కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి దిగాం. ఎక్కేటప్పుడు ఏం కాలేదు, దిగేటప్పుడు మాత్రం అడుగడుక్కీ వేళ్లు పోయి షూ ముందు భాగానికి గుద్దుకున్నాయి, ఇంటికొచ్చి సాక్స్ తీస్తే ఎడమ బొటనవేలి గోరు కింద అచ్చం వంకాయ రంగు. ఆ గోరు ఊడి కొత్తది వచ్చేదాకా చెప్పుల్లో నా కాలు ఎవరికీ చూపించలేదు.

కారణం ఏంటంటే పరిగెత్తేటప్పుడు పాదం కొంచెం ఉబ్బిద్ది, మన ఎండల్లో ఇంకాస్త ఎక్కువ, పైగా బరువు పడినప్పుడల్లా కాస్త సాగిద్ది. పొద్దున సరిగ్గా సరిపోయిన షూ ఎనిమిదో కిలోమీటర్‌కి చిన్నదైపోద్ది.

అందుకే షూ కొనేది సాయంత్రం, రోజంతా తిరిగిన కాళ్లతో, పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్స్ తోనే. కొనేముందు ఇంట్లో ఒక పని చేయండి: తెల్లకాయితం గోడకి ఆనించి పరిచి, మడమ గోడకి తగిలేలా నిలబడి (కూర్చుని కాదు, బరువు పడాలి), పెన్సిల్ నిలువుగా పెట్టి అన్నిటికంటే పొడుగు వేలి దగ్గర గీత గీయండి. కొంతమందికి బొటనవేలి కంటే పక్కవేలే పొడుగు, అలాంటోళ్లు ఆ వేలినే లెక్కేసుకోవాలి. రెండు కాళ్లూ కొలవండి, ఏది పెద్దదైతే దానికే షూ. షాపులో షూ లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి దాని మీద నిలబడండి, వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ కనపడాలి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనీండి.

యూకే నంబర్ ఒకటి పెరిగితే సుమారు 8.5 మిల్లీమీటర్లు, అర నంబర్ అయితే 4 పైన. చాలామందికి ఆఫీసు షూ కంటే అరో ఒకటో ఎక్కువ పట్టిద్ది, నాకిప్పుడు తొమ్మిది. కాకపోతే ఒక బ్రాండ్ తొమ్మిది ఇంకో బ్రాండ్‌లో ఎనిమిదిన్నరలా ఉంటది కాబట్టి నంబర్ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసే ముందు రిటర్న్ ఉందో లేదో చూస్కోండి.

ఇంకో సంగతి, షూ పెద్దదైనా గోరు నల్లబడుద్ది, లోపల పాదం ముందుకి జారి గుద్దుకుంటది. ముందు ఖాళీ ఉన్నా గోరు దెబ్బతింటందంటే కింద చెప్పే ముడి చూడండి.

మడమ వెనక బొబ్బ, లేదా మడమ పైకి లేచిపోతంది

షూకి చీలమండ దగ్గర ఎవరూ వాడని ఎక్స్‌ట్రా రంధ్రం ఒకటి ఉంటది చూసారా, అది దీనికోసమే. లేసుని పక్క రంధ్రంలోకి అడ్డంగా పంపకుండా, అదే వైపున్న ఆ ఆఖరి రంధ్రంలోకి బయట్నుంచి లోపలికి దూర్చి చిన్న రింగులా వదిలేయండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి లేసు ఎడమ రింగులోంచి, ఎడమ లేసు కుడి రింగులోంచి తీసి కిందకి లాగి ముడేయండి, మడమ కూర్చున్న చోటు నుంచి కదలదు. దీనికి రూపాయి ఖర్చు లేదు. అయినా బొబ్బలొస్తుంటే సాక్స్ మార్చండి, కాటన్ సాక్స్ చెమట పట్టుకుని అలాగే ఉంచేసిద్ది, మే నెలలో స్టేడియంలో నాలుగు రౌండ్లు కొట్టేసరికే పిండుకోవచ్చు. పాలిస్టర్‌వో నైలాన్‌వో, రన్నింగ్ కోసం అమ్మేవి తీసుకోండి.

పాదం పైభాగం తిమ్మిరి

లేసు మరీ బిగుతు. నొక్కుతున్న చోట ఒక్క అడ్డం తీసేసి, లేసుని నిలువుగా పై రంధ్రంలోకి పంపండి. అంతే.

చిటికెనవేలు ఒత్తుకుంటంది

ఇక్కడ మనోళ్లు చేసే తప్పు ఒక సైజు పెంచేయడం. పొడుగు పెరిగితే మడమ వదులైపోయి బొబ్బ మొదలైద్ది, ఒకటి సర్దబోతే ఇంకోటి. చిన్నప్పట్నుంచి చెప్పుల్లో పెరిగిన కాళ్లు, నాదైతే ముందుభాగం చేటంత ఉంటది. కావాల్సింది వెడల్పు. మగాళ్ల షూల్లో మామూలు వెడల్పు డి, వైడ్ అంటే 2ఈ, ఇంకా వైడ్ 4ఈ, ఆడాళ్లకి మామూలుది బి, వైడ్ డి. న్యూ బ్యాలెన్స్, ఆసిక్స్ లాంటోళ్లు కొన్ని మోడల్స్‌లో ఇస్తారు, షాపులో బయట పెట్టరు, అడిగి తెప్పించుకోవాలి.

కొత్త షూ వేసిన వారానికే పిక్కలు పట్టేసాయి

డ్రాప్ చూడండి. మడమ కింద మందం, వేళ్ల కింద మందం, ఆ రెండిటి తేడా అది. 10 మిల్లీమీటర్ల డ్రాప్‌కి అలవాటైన కాలు ఒక్కసారిగా 4కో సున్నాకో మారితే పిక్క మీద, మడమ వెనక నరం మీద పని పెరిగిద్ది. షూ తప్పేం లేదు, మీరు తొందరపడ్డారు. వారానికి ఒకటి రెండు చిన్న రన్స్‌కి మాత్రం వేసుకుని మెల్లగా పెంచండి.

షూ చూడ్డానికి కొత్తదే, మోకాళ్లు మాత్రం లాగుతున్నాయి

పైన బట్ట చిరగదు, సోల్ కూడా బానే ఉంటది, లోపల ఫోమ్ చచ్చిపోయి ఉంటది. మామూలు ట్రైనింగ్ షూ 500 నుంచి 800 కిలోమీటర్లు. వారానికి నాలుగు రోజులు ఎనిమిదేసి కిలోమీటర్లు అంటే 32, ఆ లెక్కన నాలుగు నుంచి ఆరు నెలలు. టేబుల్ మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్కకి ఒరిగినా, మిడ్‌సోల్ (అడుగు రబ్బరు పైనుండే ఫోమ్ పొర) పక్కన ముడతలు పడి మళ్లీ లేవకపోయినా దాన్ని కూరగాయలకెళ్లేటప్పుడు వేసుకోండి. నేను కొన్న తేదీ టంగ్ (లేసుల కింద నాలుకలా ఉండే పట్టీ) వెనక మార్కర్‌తో రాసుకుంటా, లేకపోతే మొన్నే కదా కొన్నాం అనిపిస్తానే ఉంటది. అయితే ఎముక మీద ఒకే చోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి ఉందంటే అది షూతో తేలేది కాదు, పరుగు ఆపి ఆర్థో డాక్టర్ దగ్గరికెళ్లండి.

ట్రైనింగ్‌లో బానే ఉంది, రేసులో కాళ్లు పోయాయి

రేసు నంబర్లు ఇచ్చే చోట స్టాళ్లు పెడతారే, ఆ ఎక్స్‌పోలో డిస్కౌంట్ అని ముందురోజు కొని పొద్దున్నే వేసుకెళ్లిన బాపతు. 2017లో నైకీ వేపర్‌ఫ్లై అనే రేసు షూ వచ్చాక అందరికీ కార్బన్ ప్లేట్ (సోల్ లోపల పెట్టే గట్టి రేకు) షూల పిచ్చి పట్టింది. వాటి ఫోమ్ తేలిక, స్పీడ్ కూడా ఇస్తాయి, కాదనను, కానీ ఎత్తుగా మెత్తగా ఉండి మలుపుల్లో ఊగుతాయి, పిక్క మీద భారం కూడా వేరేగా పడిద్ది. రోడ్డు రేసులకి వరల్డ్ అథ్లెటిక్స్ సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని గీత గీసింది, పోడియం కొట్టేవాళ్లకి ఆ గొడవ. రెండున్నర గంటల్లో హాఫ్ మారథాన్ పూర్తి చేసే నాలాంటోడికి అలవాటైన ట్రైనింగ్ షూనే హాయి. రేసుకి వేరే జత కావాలంటే కనీసం మూడు నాలుగు రన్స్, అందులో ఒకటి లాంగ్ రన్, అదే సాక్స్‌తో చేసుండాలి.

తడిసిన షూ

వానలో తడిస్తే మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకండి, జిగురు వదిలేసిద్ది, ఫోమ్ గట్టిపడుద్ది. ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్ పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, రెండు గంటలకోసారి పేపర్ మార్చండి, రాత్రి పెడితే పొద్దున బ్యారేజీకి రెడీ.