అతిథి ఒక్క మాట కూడా అడగక్కర్లేని పౌడర్ రూమ్

పౌడర్ రూమ్ అంటే ఒక కమోడ్, ఒక వాష్ బేసిన్, ఒక అద్దం, అంతే. స్నానం ఉండదు. ఇంటికి వచ్చినవాళ్లు ఐదు నిమిషాలు వాడుకునే గది. దీన్ని చాలామంది టైల్స్ ఎంచుకోవడంతో మొదలుపెడతారు, నన్నడిగితే కొలిచే టేపుతో మొదలుపెట్టాలి.

కమోడ్ మధ్య నుంచి పక్క గోడకి కనీసం 15 అంగుళాలు ఉండాలి, 18 ఉంటే హాయిగా కూర్చోవచ్చు. ముందు కనీసం 21, వీలైతే 24 అంగుళాలు ఖాళీ వదలండి. తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ ఖాళీ అంతా అదే తినేస్తుంది, అందుకని చిన్న గదికి బయటికి తెరుచుకునే తలుపో, పక్కకి జరిపే తలుపో పెట్టించండి. ఇవన్నీ నేల మీద సుద్దముక్కతో గీసి, మధ్యలో ఒక కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి. మోకాళ్లు దేనికైనా తగులుతుంటే అది అప్పుడే తెలిసిపోతుంది.

గోడకి వేలాడే కమోడ్ నాకు చాలా ఇష్టం. కింద నేల ఖాళీగా కనబడి గది పెద్దదిగా అనిపిస్తుంది, తుడవడం కూడా సులువు. కాకపోతే ఫ్లష్ ట్యాంక్ గోడలో దాచాలి కాబట్టి గోడ మందం పెరుగుతుంది, మురుగు పైపు గోడలోంచి పోవాలి. పాత ఇంట్లో పైపు నేలలోంచి ఉంటే దాన్ని కదిలించడం పెద్ద పని, అక్కడ మామూలు కమోడే మేలు. అప్పుడు కూడా గోడ నుంచి పైపు మధ్యకి దూరం కొలవకుండా కమోడ్ కొనకండి, ఆ దూరం టైల్ వేసిన తర్వాతి గోడ నుంచి లెక్కపెట్టాలి.

బేసిన్ అంచు నేల నుంచి 32-34 అంగుళాల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లకి సరిపోతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గిన్నెలా రాతి పలక మీద కూర్చునే బేసిన్ తీసుకుని, రాయిని మామూలు ఎత్తులోనే వేయిస్తారు, చివరికి చేతులు ఎత్తి కడుక్కోవాల్సి వస్తుంది, నీళ్లు మోచేతుల దాకా కారతాయి. బేసిన్ 5 అంగుళాల ఎత్తుంటే రాయి 28 దగ్గర వేయించండి. లోతు మరీ తక్కువున్న బేసిన్లు ఫొటోలో బాగుంటాయి గానీ నీళ్లు బట్టల మీదికి చిందుతాయి. బేసిన్ కింద పైపు బయటికి కనిపించేటట్టయితే దాన్ని కూడా ట్యాప్ రంగులోనే తీసుకోండి.

పౌడర్ రూమ్ అనే పేరు విగ్గులకి పౌడర్ అద్దుకునే గదుల నుంచి వచ్చిందని చెబుతారు, అంటే మొదటి నుంచీ ఇది అద్దం ముందు నిలబడే గదే. సీలింగ్‌లో ఒక్క లైటు పెట్టి వదిలేస్తే కళ్ల కింద నీడలు పడి మనిషి అలిసిపోయినట్టు కనిపిస్తాడు. అద్దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో లైట్లు పెట్టండి, 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య వెచ్చటి వెలుగు, సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 పైన ఉన్నవి.

రంగు విషయంలో ధైర్యం చేయండి. ఇంట్లో మిగతా గదుల్లో భయపడే ముదురు ఆకుపచ్చో, ముదురు నీలమో ఇక్కడ వేయొచ్చు, ఐదు నిమిషాల్లో ఎవరికీ విసుగు రాదు. స్నానపు ఆవిరి ఉండదు కాబట్టి వాల్‌పేపర్ కూడా నిలుస్తుంది (షవర్ ఉన్న గెస్ట్ బాత్రూమ్‌లో మాత్రం వద్దు). ఒక గోడ మాట్లాడితే మిగతావి ఊరుకోవాలి. నల్ల ట్యాపులు అందంగానే ఉంటాయి, నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే తెల్ల మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నేలకి మాత్రం జారని టైలే వేయించండి.

వాసన గురించి ఎవరూ ముందే చెప్పరు. నేలలో నీళ్లు పోయే జాలీ కింద కొద్దిగా నీళ్లు నిలిచి మురుగు వాసనని ఆపుతాయి. గది వారాల తరబడి వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోయి, సరిగ్గా చుట్టాలు వచ్చిన రోజే కంపు మొదలవుతుంది. అప్పుడప్పుడూ ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడు లేనిది చూడండి, తలుపు కింద అర అంగుళం సందు ఉంచండి, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ తిరిగినా లాభం లేదు.

అన్నీ అయ్యాక, ఆ గదిని ఎప్పుడూ చూడని మనిషిలా చేతిలో ఒక సంచి పట్టుకుని లోపలికి వెళ్లండి. చీకట్లో చెయ్యి వేస్తే స్విచ్ తగలాలి. గడియ ఒక్కసారికే పడాలి. సంచి తగిలించడానికి కొక్కెం, చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు, మూత ఉన్న చెత్తబుట్ట, ఇంకో టిష్యూ రోల్, ఇవన్నీ వెతక్కుండా కళ్లకి కనబడాలి. ఏది వెతుక్కోవాల్సి వచ్చిందో దాన్ని ఆ రోజే మార్చేయండి.