డాబాకు చలువ పూత: తెలుపు కన్నా మందం ముఖ్యం

బూడిదరంగు కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో మూడో వంతు వరకే వెనక్కి పంపుతుంది, మిగతాదంతా మింగేస్తుంది. మంచి తెల్ల పూత కొత్తలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పై అంతస్తు వేడి తగ్గించడానికి ఇంతకంటే తేలికైన పని లేదు. అయినా చాలా డాబాల మీద ఈ పూత రెండేళ్లకే పెచ్చులుగా లేచిపోతుంది. దానికి కారణం ఎక్కువగా శ్లాబులో చెమ్మో, పూత పలచనో అయి ఉంటుంది; డబ్బా మీది పేరుది తప్పు కావడం అరుదు.

ముందు చెమ్మ సంగతి తేల్చండి. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును శ్లాబు మీద పరిచి, నాలుగంచులా గాలి చొరకుండా టేపు వేసి 16 గంటలు వదిలేయండి. లోపలివైపు నీటిబొట్లు పట్టినా, కింద కాంక్రీటు రంగు ముదిరినా ఇంకా ఆరనివ్వాలి. తొందరపడితే ఎండకు లోపలి చెమ్మ ఆవిరై పూతను పొక్కుల్లా లేపుతుంది. కొత్త శ్లాబైతే కనీసం 28 రోజులు ఆగాలి.

వాన వెలిసిన 48 గంటలకు కూడా నీళ్లు నిలిచే పల్లాలుంటే పాలిమర్ (పట్టు పెంచే జిగురులాంటి ద్రవం) కలిపిన సిమెంటు మోర్టారుతో సరిచేసి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాటం ఇవ్వండి. ఇక్కడ చెబుతున్న తెల్ల పూత అక్రిలిక్ రకం, అది నిలవనీటికి తట్టుకోదు. వెంట్రుకవాసి నెర్రెలను పూతే కప్పేస్తుంది. మిల్లీమీటరు దాటిన పగుళ్లను మాత్రం వి ఆకారంలో తవ్వి, సీలెంట్ నింపి, మొదటి కోటు తడిగా ఉండగానే పైన 10 సెంటీమీటర్ల ఫైబర్ మెష్ పట్టీ అద్దాలి. పిట్టగోడ మొదలు దగ్గర కూడా ఇదే పద్ధతి.

పాత సున్నం ఉంటే పూర్తిగా గీకి తీయండి. కడిగి ఆరాక అరచేత్తో రుద్దితే పొడి అంటకూడదు. అంటుతోందంటే మీ పూత పట్టుకునేది ఆ పొడినే, శ్లాబును కాదు.

ఇక లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే తడి పొర మందం ఒక మిల్లీమీటరు. డబ్బాలో ఘనపదార్థం ఘనపరిమాణంలో 50 శాతమైతే, ఆరాక మిగిలేది అర మిల్లీమీటరు. సాగే గుణమున్న అక్రిలిక్ పూతకు ఆ మందం కావాలి. డబ్బా మీద కొన్నిసార్లు బరువు శాతమే వేస్తారు. అది పెద్దగా కనిపిస్తుంది, దాంతో లెక్క కట్టకండి. 10 × 9 మీటర్ల డాబా, పిట్టగోడ మీద 15 సెంటీమీటర్ల ఎత్తు వరకు కలుపుకుంటే దాదాపు 96 చదరపు మీటర్లు. గరుకుతనానికి పదో వంతు కలిపితే సుమారు 105 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు ఆరు. మూడు బకెట్లతోనూ డాబా తెల్లగా కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే.

పొద్దున మంచుతడి ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపండి. కాలుతున్న శ్లాబు మీద పూత పైపైన ఆరిపోయి సూదిబెజ్జాలు పడతాయి. ప్రైమర్ (పూత బాగా పట్టడానికి ముందుగా వేసే అడుగు పొర) తర్వాత రెండు కోట్లు, ఒక్కోటి అర మిల్లీమీటరు తడి మందంతో, మొదటిది పొడవునా, రెండోది అడ్డంగా వేయాలి. కోటుకూ కోటుకూ మధ్య ఒక రాత్రి వదలడం మేలు. నీళ్లు కలిపితే రోలర్ సులువుగా జారుతుంది, మందం పోతుంది. మొత్తం ఒకేసారి దట్టంగా పోస్తే పైన మీగడ కట్టి లోపల ఆరదు, చివరకు బీటలు వారుతుంది. చలువ కళ్లద్దాలు మరవకండి, ఆ తెలుపు కళ్లకు చాలా గుచ్చుతుంది.

అల్యూమినియం రంగు మెరుపు చూసి దాన్ని ఎంచుకోకండి. అది ఎండను తిప్పికొట్టినా, పట్టిన వేడిని బయటికి సరిగా వదలదు. రోజూ నడిచే డాబాకైతే పూతకన్నా తెల్ల టైల్స్ నయం.

దుమ్ము, నాచు పట్టేకొద్దీ చల్లదనం తగ్గుతుంది కాబట్టి ఏటా ఎండాకాలానికి ముందు మెత్తటి బ్రష్‌తో కడగాలి. కడిగాక కూడా కింది బూడిదరంగు మచ్చలుగా కనిపిస్తే, అప్పుడు ఇంకో కోటు వేయండి.