గ్రేట్ గ్రే ఔల్‌ను బెదరగొట్టకుండా చూడటం ఎలా?

అమెరికాలోని మిన్నెసోటాలో, డలూత్ నగరానికి వాయవ్యంగా సాక్స్-జిమ్ బాగ్ అనే చిత్తడి అడవి ఉంది. చలికాలంలో అక్కడికి గ్రేట్ గ్రే ఔల్ అనే పెద్ద బూడిదరంగు గుడ్లగూబ కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చాలామంది దాన్ని ఎగరగొట్టి వెళ్తారు. ఏటా ఇదే చూస్తున్నాను.

సామాను: 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది), రెండు జతల గ్లౌజులు, నిండా పెట్రోలు. 10 రెట్లది వద్దు, వణికే చేతుల్లో బొమ్మ నిలవదు. ఒక్కో రోజు చలి మైనస్ 30 డిగ్రీలకు దిగుతుంది.

వేళ: తెల్లవారుతుండగా, లేదా పొద్దుగూకే ముందు గంట. కారు నెమ్మదిగా పోనివ్వండి. గడ్డి మైదానం అంచున ఉన్న స్ప్రూస్ చెట్ల కొసలు, విరిగిన మోడులు చూస్తూ పోవాలి.

అసలు కష్టం అది కనిపించాక. గభాలున బ్రేక్ వేయకండి. కాస్త ముందుకెళ్లి, వెనక వచ్చే బండికి అడ్డం లేకుండా పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేయండి. తలుపు తీయొద్దు, కిందికి దిగొద్దు. మంచు కింద తిరిగే వోల్ అనే చిట్టెలుకను ఈ పక్షి చెవులతోనే పట్టుకుంటుంది. దాని చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. అందుకే అడుగు మందాన ఉన్న మంచు కింది అలికిడి కూడా ఎక్కడిదో పోల్చుకుంటుంది. మీరు చప్పుడు చేస్తే దాని వేట పాడవుతుంది.

ముఖం చూడండి. పళ్లెంలాంటి ఆ ముఖాన్ని మంచువైపు వంచి అటూ ఇటూ తిప్పుతోందంటే మీరు సరైన దూరంలోనే ఉన్నట్టు. పసుపు కళ్లు మాటిమాటికీ మీవైపే తిరుగుతూ, ఈకలు ఒంటికి అతుక్కుని సన్నబడిందంటే దగ్గరైపోయారు. వెంటనే వెళ్లిపోండి. ఇంకొక్క ఫొటో అనుకోవద్దు, ఆ ఒక్కదానికే అది ఎగిరిపోతుంది.

కొందరు ఎలుకలు కొనుక్కొచ్చి విసురుతారు, రికార్డు చేసిన కూత వినిపిస్తారు. రెండూ తప్పే. ఎరకు అలవాటుపడ్డ పక్షి రోడ్డు పక్కకే వస్తుంది. అసలే నేలకు తక్కువ ఎత్తులో ఎగిరేది, కారు కింద పడి చస్తుంది. గంటసేపు కదలకుండా కూర్చుంటే అదే మంచులోకి దూకడం చూస్తారు. రెక్కల అచ్చు మంచు మీద మిగులుతుంది.

ఎగిరిపోతే వెంటపడకండి. పక్షులకు గింజలు పెట్టే చోటికి వెళ్లండి, అక్కడ కెనడా జే, బోరియల్ చికడీ దొరుకుతాయి.